అడిగి తెచ్చిన నిప్పు

అనగనగా ఒక రాజు. కేతనపురానికి రాజు, పేరు ప్రతాపకేతు. మంచివాడే గాని మెచ్చుకోళ్ళంటే చెవి కోసుకునేవాడు. ఊఁ కొట్టండి మరి! మీరు ఊఁ కొట్టకపోతే నా కథ గుమ్మం కూడా దాటదు.

ఆ రాజుగారి వంశంలో ఒక మంత్రం ఉంది. దాని పేరు మహాజ్వాల. ఇది మీకు కొత్తేమీ కాదు. మొన్న చెప్పిన ఒంటికన్ను రాక్షసి కథలో చివరికి కొండంత మంట లేచి రాక్షసి మాడి మసైపోయింది, గుర్తుందా? అది ఈ మంత్రమే. అంతకుముందు చెప్పిన సముద్రభూతం కథలో నీళ్ళమీద మంటలు లేచాయి కదా? అదీ ఇదే. కందిరీగల దండు కథలోనూ ఇదే. నేను ఏ కథ ఎత్తుకున్నా చివరికి రాజుగారికి పీకల మీదికి వస్తుంది, ఆయన మహాజ్వాల అందుకుంటాడు, పీడ వదులుతుంది. "ప్రతిసారీ అదేనా అమ్మమ్మా?" అని మీరు మూతి ముడిచారు కూడా. మీరు మూతి ముడిచారనే ఈ కథ తీశాను.

మహాజ్వాలకు మూడు మాటలు. మొదటి మాట అంటే దీపమంత మంట వస్తుంది. రెండో మాట అంటే పొయ్యంత మంట వస్తుంది. మూడో మాట అంటే కొండలు కాలిపోయే మంట వస్తుంది. ఆ మాటలేమిటో మాత్రం నన్ను అడక్కండి. మనది తాటాకుల ఇల్లు.

ప్రతాపకేతుకు ముందు ఆరుగురు రాజులు ఆ మూడో మాట తలా ఒక్కసారి అన్నారు. ఆరుగురూ నిజంగా ప్రాణం మీదికి వస్తేనే అన్నారు. ఏడోవాడైన మన రాజుగారికి ఏ ఆపదా రాలేదు. రాక్షసులు లేరు, భూతాలు లేవు, పొరుగు రాజులంతా స్నేహితులు. దాంతో ఆయనకు నోరు దురద పెట్టింది.

రాజుగారికి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు జయకేతు, రెండోవాడు రణకేతు, చిన్నవాడు శశికేతు. పెద్దకొడుకు పుట్టినరోజుకి దేశదేశాల నుంచి చుట్టాలు వచ్చారు. రాజుగారు అందరినీ మేడ ఎక్కించి, ఊరి బయట ఉన్న బోడికొండను చూపించి, "చూడండి మా వంశం గొప్ప!" అని మూడో మాట అన్నాడు. కొండ భగ్గుమంది. చుట్టాలు చప్పట్లు కొట్టారు. ఆ తరవాత అందరూ భోజనాలకు పోయారు. కాలీ కాలీ మిగిలిన మంట కొండ దిగి, పాకుతూ పడమటి సముద్రం వైపు వెళ్ళిపోయింది. అది ఎవరికీ పట్టలేదు.

ఒక్క సూరమ్మ మాత్రం వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది.

సూరమ్మ ఎవరంటారా? కోట వంటింటికి పెద్ద. చిన్న రాకుమారుడు శశికేతు పొత్తిళ్ళలో ఉండగానే రాణిగారు కన్నుమూస్తే, ఆ బిడ్డను చంకనేసుకుని పెంచింది సూరమ్మే. అందుకని శశికేతు పెరిగిందంతా వంటింట్లోనే. కత్తి పట్టడం కంటే ముందు ఊదుగొట్టం పట్టాడు. పొయ్యి ఎలా రాజెయ్యాలో, వంటయ్యాక నిప్పు మీద నివురు ఎలా కప్పాలో, తెల్లారి ఆ నివురు తీసి నిప్పు ఎలా లేపాలో అన్నీ వచ్చు. అన్నలిద్దరూ వాణ్ణి "వంటింటి రాజుగారూ" అని వెక్కిరించేవారు.

"చూశావా బాబూ," అంది సూరమ్మ ఆ రోజు. "మండించినవాళ్ళే నివురు కప్పొద్దూ? వదిలేసి బూరెలు తినడానికి పోయారు. పెద్దవాళ్ళు, చెబితే వింటారా?"

సరిగ్గా వారం తిరిగేసరికి, ఒక పొద్దున కేతనపురంలో నిప్పు లేదు.

ఒక ఇంట్లో కాదు, ఒక వీధిలో కాదు, ఊరు ఊరంతా. నివురు తీసి చూస్తే కింద చల్లటి బూడిద. చెకుముకి కొడితే రవ్వ పుట్టినట్టే పుట్టి, ఎగిరి పడమటికి పారిపోయింది. కోట వంటింటి పొయ్యిలో పడుకునే బూడిదరంగు పిల్లి ఒళ్ళు విరుచుకుని, "ఇదేం కర్మ! బూడిద మంచు గడ్డలా ఉంది," అని విసుక్కుని మళ్ళీ పడుకుంది. పొయ్యిలో పిల్లి లేవలేదని మనం ఊరికే అంటాం, ఆ రోజు ఊరంతా అదే పరిస్థితి.

రాజుగారు కంగారుపడి మొదటి మాట అన్నాడు. దీపమంత మంట వచ్చింది. రెప్పపాటు నిలిచింది. గాలి లేకుండానే పడమటికి వాలి, తుర్రుమని ఎగిరిపోయింది.

అప్పుడు ఆకాశంలోంచి గరగరమని ఒక గొంతు వినిపించింది. "కేతనపురం రాజా! నేను ధూమ్రకంఠుణ్ణి. ఏడు సముద్రాల అవతల బొగ్గుదీవి మాంత్రికుణ్ణి. నీ రాజ్యంలో నిప్పంతా నా దగ్గరుంది. కావాలంటే నీ మహాజ్వాల పట్టుకుని రా!"

ఇక జనం పాట్లు చూడాలి. నానబెట్టిన పెసలు, పళ్ళు, పచ్చి కూరలు తిని రోజులు గడిపారు. పళ్ళున్నవాళ్ళకు అది బాగానే ఉంది. సూరమ్మకు నోట్లో ఒక్క పన్ను లేదు. పచ్చిపాలు ఆమెకు పడవు. మెత్తటి అరటిపండు, కాసిని కొబ్బరినీళ్ళు, అంతే ఆహారం. పది రోజులకు మంచం పట్టింది. శశికేతు పక్కన కూర్చుంటే వాడి చెయ్యి పట్టుకుని, "ఇంకేం వద్దు బాబూ, ఒక్క గుక్క వేడి గంజి పడితే లేచి కూర్చుంటాను," అంది.

"నేను తాగిస్తాను సూరమ్మా. అందాకా నువ్వు ఎక్కడికీ వెళ్ళకూడదు."

"నేనెక్కడికి వెళ్తాను నాయనా, కాళ్ళు కూడా ఆడటం లేదు," అని నవ్వింది. ఆ నవ్వు చూసి శశికేతుకు ఏడుపొచ్చింది.

ముందు పెద్దవాడు జయకేతు బయల్దేరాడు. తండ్రి దగ్గర మూడు మాటలూ నేర్చుకున్నాడు. బంగారు పిడి కత్తి కట్టుకున్నాడు. గాలివాటు ఓడ ఎక్కి వెళ్ళాడు. ఎనిమిదో రోజున ఆకాశంలోంచి గొంతు వచ్చింది. "ఒక బొగ్గుదుంగ అందింది. ఇంకొకటి పంపు!"

"అన్నయ్య మెల్లిగా అని ఉంటాడు. నేను గట్టిగా అంటాను," అని రెండోవాడు రణకేతు బయల్దేరాడు. వాడూ మూడు మాటలూ నేర్చుకున్నాడు. వాడు రెండు కత్తులు కట్టుకున్నాడు. ఇంకా పెద్ద ఓడ ఎక్కాడు. ఎనిమిదో రోజున మళ్ళీ గొంతు వచ్చింది. "రెండో దుంగ కూడా అందింది. మంచి ఎండుగా ఉంది!"

రాజుగారు కుప్పకూలిపోయాడు. అప్పుడు శశికేతు వచ్చి, "నాన్నగారూ, నేను వెళ్తాను," అన్నాడు. వాడి చేతిలో కత్తి లేదు. భుజాన ఏడు పిడకల మూట, చేతిలో ఒక కుండపెంకు, పెంకులో గుప్పెడు బూడిద, వీపున పాత విల్లు.

"ఇదేమిట్రా? పిడకలతో యుద్ధం చేస్తావా?"

"యుద్ధానికి కాదు నాన్నగారూ. నిప్పు తేవడానికి. ఒక పిడక నివురు కప్పి జాగ్రత్తగా చూసుకుంటే ఒక రోజు వస్తుంది. ఏడు సముద్రాలకు ఏడు పిడకలు. సూరమ్మ లెక్క కట్టి ఇచ్చింది."

రాజుగారు వాణ్ణి దగ్గరికి పిలిచాడు. మూడు మాటలూ చెవిలో చెప్పాడు. చెబుతుంటే కళ్ళనీళ్ళు కారిపోయాయి. శశికేతు గుమ్మం దాటుతుండగా బూడిదపిల్లి వెనకాలే వచ్చింది.

"నువ్వెక్కడికే?"

"వెచ్చటి బూడిద ఎక్కడుంటే అక్కడికి," అంది పిల్లి.

దారి తెలియడానికి శశికేతు మొదటి మాట అనేవాడు. దీపమంత మంట పుట్టి ఎటు ఎగిరితే అటు నడిచేవాడు. అలా నడిచి నడిచి సముద్రపు ఒడ్డుకు చేరాడు. అక్కడ ఇల్లంత తాబేలు ఎండలో పడుకుని ఉంది. దాని డిప్ప సగం నల్లగా మాడిపోయి ఉంది.

"తాబేలు తాతా, నన్ను ఏడు సముద్రాలు దాటిస్తావా?"

తాబేలు ఒక కన్ను తెరిచింది. "నీకు మహాజ్వాల వచ్చా?"

"వచ్చు."

"అయితే దాటించను. నా డిప్ప చూశావా? నాలుగో రాజు సముద్రభూతం మీద మూడో మాట అన్నాడు. భూతం పోయింది, సంతోషం. మిగిలిన మంట సంగతి ఎవరు చూశారు? అది నీళ్ళమీద తిరిగి తిరిగి నా వీపు కాల్చి, బొగ్గుదీవికి కొట్టుకుపోయింది. ప్రతిసారీ అంతే. మీవాళ్ళు మండిస్తారు, వదిలేస్తారు. దిక్కులేని ఆ మంటలన్నీ ధూమ్రకంఠుడు ఏరుకున్నాడు. ఏరుకుని ఒక్క నిప్పుకణిక చేసి, తన ప్రాణం అందులో దాచాడు. ఆరు మంటలప్పుడు వాడు మామూలు మాంత్రికుడే. మీ నాన్న సరదాకి వెలిగించిన ఏడోది చేరాకే ఊళ్ళ నిప్పు మింగేంత వాడయ్యాడు."

శశికేతుకు అప్పుడు అర్థమైంది. అంటే శత్రువును పెంచింది తమ వంశమే. సిగ్గుతో తల దించుకున్నాడు.

"మా అన్నలు ఆ మాటే అని ఉంటారు కదూ?"

"అన్నారు. మంట తిని బతికేవాడికి ఇంకాస్త మంట వడ్డించారు."

"నేను అనను తాతా. ఏం జరిగినా అనను. నివురు కప్పడానికి వచ్చాను."

తాబేలు రెండో కన్ను కూడా తెరిచి వాణ్ణి ఎగాదిగా చూసింది. పిడకల మూట చూసింది. "సరే, ఎక్కు. ఆ పిల్లిని మాత్రం గోళ్ళు దించొద్దని చెప్పు," అంది.

ఉప్పు సముద్రం దాటారు. నురుగు సముద్రం దాటారు. నాచు సముద్రం, చేపల సముద్రం, పొగమంచు సముద్రం, సుడుల సముద్రం దాటారు. ఏడోది ఏ అలా లేని నల్లసముద్రం. దాని నడుమ బొగ్గుదీవి. ఏడో రోజు మిట్టమధ్యాహ్నం ఒడ్డున దిగారు.

దీవి మీద చెట్టు లేదు, పిట్ట లేదు. నడుమ ఒక్కటే ఇల్లు. ఇంటి ముందు రెండు బొగ్గుదుంగలు నిలబడి ఉన్నాయి. ఒకదానికి బంగారు పిడి కత్తి, ఇంకొకదానికి రెండు కత్తులు. శశికేతు వాటిని తడిమి చూశాడు. చేతులు నల్లబడ్డాయి.

ఇంతలో ఇంట్లోంచి ధూమ్రకంఠుడు వచ్చాడు. తాటిచెట్టంత మనిషి. ముక్కులోంచి పొగ, నోట్లోంచి నిప్పురవ్వలు.

"మూడోవాడివి వచ్చావా! ఏదీ, చెప్పు మూడో మాట. మీ అన్నలవి తిని చాలా రోజులైంది. ఆకలిగా ఉంది."

శశికేతు పలకలేదు.

మాంత్రికుడు ఉఫ్ అని ఊదాడు. శశికేతు కాళ్ళకింద ఇసుక కాగిన పెనంలా అయింది. "చెప్పు!" వాడి అరికాళ్ళు బొబ్బలెక్కాయి. నాలుక చివరిదాకా వచ్చింది మూడో మాట. పళ్ళు బిగబట్టాడు.

మాంత్రికుడు ఆకాశం వైపు చెయ్యి చాచాడు. పొగలో కేతనపురం కనిపించింది. వణికే ముసలివాళ్ళు, గుక్కపట్టి ఏడ్చే పిల్లలు, మంచంలో సూరమ్మ. ఆమె కళ్ళు మూసుకుని ఉంది. "చెప్పు!" శశికేతు కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. అయినా నోరు విప్పలేదు.

మాంత్రికుడు జయకేతు దుంగ మీద కాలు పెట్టాడు. "ఇప్పుడైనా చెప్పు. లేకపోతే మీ అన్న పొడి పొడి."

శశికేతు నోరు తెరిచాడు. మాంత్రికుడు సంతోషంగా తనూ నోరు తెరిచాడు. శశికేతు ఇంటి గుమ్మం వైపు తిరిగి గట్టిగా, "ఇంట్లో ఎవరండీ? మా పొయ్యి ఆరిపోయింది. కాస్త నిప్పు పెడతారా?" అన్నాడు.

మాంత్రికుడి కాలు దుంగ మీద అలాగే ఉండిపోయింది. "ఏమిటీ?"

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అగ్గిపెట్టెలు లేని రోజులు కదా. కేతనపురంలో ఎవరింట్లో నిప్పు ఆరిపోయినా, పిడక, పెంకు పట్టుకుని పొరుగింటికి వెళ్ళేవారు. మూడుసార్లు అడిగినవాళ్ళకు లేదనకూడదు. అడక్కుండా ఎత్తుకెళ్ళకూడదు. ఇల్లు చూసుకునే మనిషి తన చేత్తో పెట్టిన నిప్పైతే అడిగిన ఇంట్లో నిలిచి కాలుతుందనీ, దొంగ నిప్పు నిలవదనీ సూరమ్మ నమ్మకం. ధూమ్రకంఠుడు ఎన్నో మంత్రాలు చదివాడు గాని పాపం, పుట్టి బుద్ధెరిగాక వాడికి ఇరుగు లేదు, పొరుగు లేదు. వాడి గుమ్మంలోకి వచ్చి నిప్పు అడిగినవాళ్ళెవరూ లేరు. ఈ పద్ధతి వాడికి తెలియనే తెలియదు.

ఇంట్లోంచి ఒక అమ్మాయి వచ్చింది. ఆమె పేరు నీలవేణి, పగడాలదీవి రాకుమార్తె. మాంత్రికుడికి మంట తినడం వచ్చు గాని పొయ్యి చూసుకోవడం రాదు. అందుకే ఆమెను మూడేళ్ళ కిందట ఎత్తుకొచ్చి, "ఈ నిప్పుకణికను ఆరనివ్వకు, పెంచకు, ముట్టుకోనివ్వకు," అని కూర్చోబెట్టాడు. ఆమె గుమ్మంలో నిలబడి పిడకను చూసింది, పెంకును చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మూడేళ్ళలో మనుషులు అడిగే మాట ఆమె చెవిన పడటం అదే మొదలు.

"ఏ ఊరండీ మీది?" అంది, పద్ధతి ప్రకారం.

"కేతనపురం. మీకు పొరుగే."

మాంత్రికుడు పగలబడి నవ్వాడు. "ఏడు సముద్రాలు నడుమ ఉంటే పొరుగేమిట్రా?"

"నడుమ ఇంకో ఇల్లు లేదు కదా. అంటే పొరుగే," అన్నాడు శశికేతు. "అమ్మా, కాస్త నిప్పు పెట్టండి. రెండోసారి అడుగుతున్నాను."

"పెట్టమంటారా?" అని నీలవేణి మాంత్రికుణ్ణి అడిగింది.

మాంత్రికుడు ఆలోచించాడు. ఎక్కడ పుట్టిన మంటైనా ఎగిరి తన దగ్గరికే వస్తోంది. వీడు ఎంత దూరం పట్టుకుపోతాడు? గుమ్మం దాటకుండానే తిరిగొస్తుంది. అప్పుడు వీడి మొహం చూడాలి! "పెట్టు, పెట్టు! తమాషా చూద్దాం," అన్నాడు.

"మూడోసారి అడుగుతున్నాను," అన్నాడు శశికేతు.

నీలవేణి లోపలికి వెళ్ళి, నివురు తీసి, పట్టకారుతో నిప్పుకణికను విరిచింది. ఒక ముక్క తెచ్చి పిడక మీద పెట్టి, పైన బూడిద కప్పి, "మీ ఇల్లు చల్లగా ఉండాలి," అంది.

నిప్పు ఎగరలేదు. పిడక మీదే కూర్చుంది. తాటిచెట్టంత మాంత్రికుడు ఒక్కసారిగా ఇంటి చూరంత అయిపోయాడు.

"ఇదేమిటి! ఇటివ్వు!" అని అరిచాడు.

అప్పటిదాకా నోరు మూసుకున్న పిల్లి ముందుకొచ్చి, "అక్కా, నాకు కూడా కాస్త. మా పొయ్యి కూడా చల్లగానే ఉంది," అంది. నీలవేణి నవ్వుతూ ఇంకో ముక్క విరిచి అదే పెంకులో పెట్టింది. మాంత్రికుడు గుమ్మమంత అయ్యాడు. ఒడ్డు నుంచి తాబేలు మెడ చాచి, "నూరేళ్ళుగా వీపు నొప్పి. కాపడానికి నాకూ కాస్త పెట్టు తల్లీ," అంది. మిగిలిన ముక్క కూడా పెంకులోకి వచ్చింది. మాంత్రికుడు గూని ముసలివాడైపోయి, దగ్గుతూ చతికిలబడ్డాడు.

ఆ క్షణమే రెండు దుంగలూ తుమ్మాయి. బొగ్గు రాలిపోయి అన్నలిద్దరూ నల్లటి మొహాలతో బయటపడ్డారు. జయకేతు సంగతి తెలుసుకుని, "ఇంకా చూస్తావేంరా! ఆ పెంకు సముద్రంలో పడేయ్. వాడి పీడ ఈ క్షణంతో వదిలిపోతుంది," అని అరిచాడు. "పడేయ్!" అన్నాడు రణకేతు కూడా.

ముసలివాడు రెండు చేతులూ జోడించాడు. "ఆర్పకు బాబూ! ఆర్పకు!"

"పడేస్తే మన ఊరి నిప్పంతా దీంతోపాటే పోతుంది అన్నయ్యా. పిల్లలు ఏం తింటారు? సూరమ్మ గంజి దేనిమీద కాచను?" అన్నాడు శశికేతు. పెంకును గుండెకు ఆనించుకుని తాబేలు ఎక్కాడు. "నువ్వూ రా తాతా. నీ ప్రాణం మా దగ్గరుంటే నువ్వొక్కడివే ఇక్కడెందుకు?" అని మాంత్రికుణ్ణి కూడా పిలిచాడు. కోపం లేదా అంటే, ఉంది. అరికాళ్ళు ఇంకా మండుతున్నాయి. కానీ ఆ నిప్పుకు మూలం తమ ఇంట్లోనే ఉందని వాడు మరిచిపోలేదు.

తిరుగు ప్రయాణంలో ఒక్కో సముద్రానికి ఒక్కో పిడక. వాడు పడుకోలేదు, కూర్చున్నచోట కదల్లేదు. సుడుల సముద్రంలో గాలి కొడితే వీపు అడ్డం పెట్టాడు. పొగమంచు సముద్రంలో నిప్పు నల్లబడితే పెదాలు కాలేలా ఊదాడు. నీలవేణి పక్కన కూర్చుని పిడక మార్చేది, నివురు సర్దేది. అందరికంటే ఎక్కువ కంగారుపడింది ఎవరనుకున్నారు? ధూమ్రకంఠుడు! "గాలొస్తోంది, గాలొస్తోంది! కొంగు అడ్డం పెట్టమ్మా! ఒసే పిల్లీ, తోక తియ్యి!" అని నిమిషం ఊరుకోలేదు.

చివరి సముద్రంలో వాన పట్టుకుంది. ఏడో పిడక తడిసి ముద్దయింది. నిప్పు ఆవగింజంత మిగిలింది. శశికేతు వీపున ఉన్న విల్లు తీసి, మోకాలికేసి విరిచి, లోపలి పొడి పుల్లలు చీల్చి పెంకులో పేర్చాడు. అన్నలు తమ తలపాగాలు విప్పి మీద గొడుగులా పట్టారు. వాళ్ళు తమ్ముడికి చేసిన మొదటి సాయం అది. ఆవగింజ మెల్లిగా కందిగింజ అయింది, కందిగింజ చింతపిక్క అయింది. అప్పటికి ఒడ్డు కనిపించింది.

కేతనపురంలో పొద్దున జనమంతా పిడకలతో వీధుల్లో నిలబడ్డారు. రాజుగారు కూడా పెంకు పట్టుకుని వరసలో నిలబడ్డాడు. శశికేతు ఎక్కడా ఆగలేదు. నేరుగా కోట వంటింట్లోకి వెళ్ళి, మొదటి నిప్పు సూరమ్మ పొయ్యిలో పెట్టాడు. ఊదుగొట్టం అందుకుని ఊదాడు. మంట లేచింది. పిల్లి ఎగిరి పక్కనే కూర్చుంది. ఎసరు మరిగింది, నూకలు ఉడికాయి. ఆ వాసనకు వంటింటి మనుషులంతా గోలుగోలున ఏడ్చారు.

సూరమ్మ కళ్ళు తెరవడం లేదు. శశికేతు ఆమె తల ఒళ్ళో పెట్టుకుని, ఊదిన గంజి చెంచాతో పెదాలకు అందించాడు. ఒక చెంచా పక్కకు కారిపోయింది. రెండో చెంచా కూడా కారిపోయింది. శశికేతు ఇంకో చెంచా ఊదాడు. "సూరమ్మా, ఎక్కడికీ వెళ్ళనన్నావు," అన్నాడు. మూడో చెంచా గుటక పడింది. మెల్లిగా కళ్ళు తెరిచింది.

"ఉప్పు తక్కువైంది బాబూ," అంది.

శశికేతు నవ్వుతూ ఏడ్చాడు, ఏడుస్తూ నవ్వాడు. పరుగెత్తి వెళ్ళి ఉప్పు తెచ్చాడు.

ఆ తరవాత పొయ్యి నుంచి పొయ్యికి నిప్పు పాకింది. అడిగినవాళ్ళకు అడిగినట్టు పెట్టారు. సాయంత్రానికి కేతనపురంలో ప్రతి కప్పు మీదా పొగ లేచింది. మాంత్రికుడి ప్రాణం వెయ్యి పొయ్యిల్లో వెయ్యి ముక్కలైంది. ఇక వాడు ఎవరిని బెదిరిస్తాడు?

ప్రతాపకేతు కిరీటం తీసి, "మండించడమే నాకు తెలుసు. నివురు కప్పడం నీకు తెలుసు," అని చిన్నకొడుకు తలమీద పెట్టాడు. అన్నలు కాదనలేదు. వాళ్ళ మొహాల మసి వదలడానికే నెల పట్టింది, కాదనడానికి తీరికెక్కడిది?

శశికేతు పగడాలదీవికి కబురు పంపి, నీలవేణి తల్లిదండ్రులను పిలిపించి, అందరి ముందూ ఆమెను అడిగాడు. "నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

"పొయ్యి చూసుకోవడానికైతే చేసుకోను. మూడేళ్ళు చూసింది చాలు," అంది నీలవేణి.

"పొయ్యి నేను చూసుకుంటాను. నువ్వు కూర్చుని తిను."

"అయితే చేసుకుంటాను."

పెళ్ళి పదహారు రోజులు జరిగింది. గాడిపొయ్యిల దగ్గర వంటలు చూసింది సూరమ్మే. అన్నిట్లోనూ ఉప్పు సరిపోయింది. శశికేతు, నీలవేణి అరవై ఏళ్ళు రాజ్యం చేశారు. పిల్లలు పుట్టారు. పెద్దయ్యాక వాళ్ళకు మహాజ్వాల నేర్పే రోజు వచ్చింది. దీపం వెలిగించే మాట నేర్పాడు. పొయ్యి వెలిగించే మాట నేర్పాడు. "మూడోది నాన్నగారూ?" అని అడిగితే, ఊదుగొట్టం చేతిలో పెట్టి, నివురు ఎలా కప్పాలో చూపించాడు. అన్నలూ ఎవరికీ నేర్పలేదు. మూడో మాట ఆ తరంతోనే పోయింది. ఇకమీద నా కథల్లో రాజులకు ఆపదొస్తే బుర్రపెట్టి ఉపాయం వెతుక్కోవాల్సిందే.

ఇక ధూమ్రకంఠుడా? వెయ్యి పొయ్యిలూ ఒక్కసారే ఆరిపోతే వాడి ప్రాణం పోతుంది. అందుకని రోజూ దీపాల వేళ కర్ర పోటు వేసుకుంటూ, దగ్గుకుంటూ ఇంటింటికీ తిరిగేవాడు. "అమ్మా, వంటయిందా? నివురు కప్పారా?" అని అడిగేవాడు. కప్పామంటే, "ఇంకాస్త కప్పండి తల్లీ," అనేవాడు. చివరికి కోట వంటింటి గుమ్మంలో కూలబడేవాడు. జన్మంతా మంట తిన్నాడే గాని మంట మీద ఉడికింది ఏనాడూ తినలేదు వాడు. సూరమ్మ వాడికి గిన్నెడు గంజి పోసి, "తిను, వేడిగా ఉంది, ఊదుకుని తిను," అనేది. వాడు ఊదుకుని తినేవాడు.

వాళ్ళు గంజి దగ్గర, మనం ఇక్కడ. ఊఁ కొట్టినవాళ్ళంతా లేవండి. ఒకరు వెళ్ళి మన పొయ్యి చూసి రండి, నేను నివురు కప్పానో లేదో.